వెదురు బ్రష్‌కి మన తాతలు కట్టిన జరిమానా

పోస్టు కొంచెం పెద్దదే. మెస్ లైన్ ఎలాగూ కదలదు కాబట్టి నిలబడి చదివేయొచ్చు.

ఈ మధ్య కాలేజీల్లో కొత్త ఉపదేశం ఒకటి నడుస్తోంది. అందరూ ఎకో ఫ్రెండ్లీగా బతకాలట. ప్లాస్టిక్ బ్రష్ మానేసి వెదురు బ్రష్ కొనాలి. ఆకు ప్లేట్లో తినాలి. గుడ్డ సంచి పట్టుకెళ్ళాలి. స్నానం ఒక్క బకెట్‌తో కానిచ్చేయాలి. ఏసీ మరీ చల్లగా పెట్టకూడదు. విమానాలు తగ్గించాలి. వారానికి ఒకరోజు మాంసం మానాలి.

ఈ లిస్టు చదివితే హాస్టల్ పిల్లలకి నవ్వు రాక ఇంకేం వస్తుంది? ఒక్క బకెట్ సంగతి సరే, ఉదయం ఆరున్నర దాటితే ఆ ఒక్కటీ దొరకదు. మాంసం వారానికి ఒకరోజు మానడం కాదు, ఆ ఒక్కరోజైనా వస్తుందా అని మనం ఎదురుచూస్తాం. ఏసీ అంటే మనకి బ్యాంకు ఏటీఎం గది. విమానం అంటే పొలంలో నిలబడి తలెత్తి చూసేది. ఈ లెక్కన భూమిని కాపాడినందుకు ట్రైబల్ వెల్ఫేర్ హాస్టళ్ళన్నిటికీ ఏటా తలా ఒక షీల్డ్ ఇవ్వాలి.

నవ్వుకోవడం అయ్యాక హిస్టరీ చదివేవాడిగా నాకొక ప్రశ్న మిగిలింది. ఈ లిస్టులో సగం వస్తువులు మన ఇళ్ళల్లోవే. అడ్డాకు విస్తరి, వేప పుల్ల, కానుగ పుల్ల, సొరకాయ బుర్ర, వెదురు బుట్ట, చేట. అడ్డతీగల అని మనకి ఊరే ఉంది. మన దగ్గర ఉన్నప్పుడు వీటిని వెనకబాటుతనం అన్నారు. అట్టపెట్టెలో పెట్టి ఆన్‌లైన్‌లో అమ్మితే పర్యావరణ స్పృహ అంటున్నారు. మధ్యలో ఏం జరిగింది? అన్నిటి కథా చెప్తే తెల్లారిపోతుంది కాబట్టి ఒక్క వెదురు పట్టుకుని చెప్తా.

గడ్డిని చెట్టు చేసిన చట్టం

సైన్సు ప్రకారం వెదురు గడ్డి జాతి. వరి, రాగి, జొన్న ఏ కుటుంబమో వెదురూ ఆ కుటుంబమే. మన అమ్మమ్మలకి ఆ వర్గీకరణ తెలీదు గానీ, పద్ధతిగా కోస్తే పొద మళ్ళీ పిలకలేస్తుందని తెలుసు. ఏ వయసు బొంగు బుట్టకి పనికొస్తుందో, ఏది నిచ్చెనకో, ఏ నెలలో కోస్తే పురుగు పడుతుందో తెలుసు. లేత కొమ్ములు కూర, ముదురు బొంగు ఇంటి వాసం. పుట్టినప్పుడు బొడ్డు కోసే బద్ద నుంచి పోయినప్పుడు మోసే పాడె వరకూ వెదురే.

1927లో వచ్చిన భారత అటవీ చట్టం మాత్రం 'చెట్టు' అంటే ఏంటో చెప్తూ అందులో వెదురుని కూడా రాసేసింది. దేశంలో చాలా భాగానికి అదే చట్టం. ఆ నిర్వచనంలోంచి వెదురుని తీసేసింది ఎప్పుడో తెలుసా? 2017 నవంబరులో. 90 ఏళ్ళు గడ్డి చెట్టుగా బతికింది. ఆ మార్పు కూడా అడవి బయట వెదురు పండించి అమ్ముకునే వాళ్ళ కోసం చేసిందే. రిజర్వు అడవి పక్కన బుట్టలల్లుకునే వాళ్ళని తలుచుకుని చేసింది కాదు.

ఇంతకీ అడవికి చట్టం ఎందుకు అవసరమయ్యింది? చెట్ల మీద ప్రేమతో అని అనుకోకండి. 1853 నుంచి ఇక్కడ రైళ్ళు మొదలయ్యాయి. అప్పట్లో పట్టాల కింద వేసే స్లీపర్లు చెక్కవే. ఒక మైలు పట్టాకి 1,760 నుంచి 2,000 దాకా కావాలి. కాంట్రాక్టర్లు అడవులు ఇష్టమొచ్చినట్టు నరికేశారు. కలప అయిపోతుందన్న భయంతో 1864లో అటవీ శాఖ పెట్టి, జర్మనీ నుంచి వచ్చిన డైట్రిచ్ బ్రాండిస్‌ని దానికి పెద్దని చేశారు. 1865లో ఒక చట్టం, 1878లో ఇంకా గట్టి చట్టం. మన మన్యం ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీకి 1882లో విడిగా మద్రాసు అటవీ చట్టం. ఎవరి దెబ్బకి అడవి తరిగిందో వాళ్ళే కాపలాదారులయ్యారు. పోడు చేసుకునేవాడు, పుల్లలేరుకునేవాడు, పశువులు మేపేవాడు దొంగలయ్యారు.

ఆ రోజుల్లో అటవీ అధికారుల రాతల్లో పోడు అంటే అడవిని పాడుచేసే పని. ఒక చోట రెండు మూడేళ్ళు సామలు, రాగులు, కందులు వేసి, తర్వాత ఆ నేలని ఏళ్ళ తరబడి అడవికి వదిలేయడం పోడు పద్ధతి. ఆ వదిలేసే కాలమే దానికి ప్రాణం. రిజర్వు గీతలు గీసి తిరిగే చోటు లేకుండా చేస్తే ఆ కాలం తగ్గిపోతుంది, నేల చచ్చిపోతుంది. అప్పుడు చూపించి "చూడండి, పోడు వల్ల కొండ బోడి అయ్యింది" అంటారు. కాళ్ళు కట్టేసి పరిగెత్తడం రాదన్నట్టు.

మన వాళ్ళు ఊరుకోలేదు. 1879లో రంప ఫితూరీ మొదలైంది కల్లు దగ్గర. ఇంట్లో తాగడానికి దించుకునే కల్లుని కూడా కాంట్రాక్టరు చేతిలో పెట్టి డబ్బు లాగారు. దాని పైన మున్సబుదారు దోపిడీ, పోలీసుల జులుం. తమ్మన్నదొర లాంటి నాయకులు లేచి పోరాడారు. 1880లో ఆయన్ని కాల్చి చంపారు. మళ్ళీ 1922లో గూడెం కొండల్లో రోడ్డు పనికి చాలీచాలని కూలి, పోడు మీద ఆంక్షలు. ఆ ఆగస్టులో అల్లూరితో కలిసి మన వాళ్ళు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్ల మీద వరసగా మూడు రోజులు దాడి చేశారు. పుస్తకాల్లో దాన్ని స్వాతంత్ర్య పోరాటం అని చదువుతాం, నిజమే. కానీ దాని అడుగున ఉన్నది తిండి, కూలి, అడవి. ఎకో ఫ్రెండ్లీ అన్న మాట పుట్టకముందే మన వాళ్ళు అలా బతికే హక్కు కోసం ప్రాణాలిచ్చారు.

బుట్టకి నేరం, మిల్లుకి లీజు

వెదురు దగ్గరికి మళ్ళీ వద్దాం. 1938లో నిజాం రాజ్యంలో సిర్పూర్ పేపర్ మిల్లు పెట్టారు. ఆ ఊరి పేరే కాగజ్‌నగర్ అయ్యింది. రెండేళ్ళకి, అదే ప్రాంతంలో, 1940లో జోడేఘాట్ దగ్గర కొమరం భీం చనిపోయాడు. ఆయన అడిగింది జల్, జంగల్, జమీన్. ఆదిలాబాద్ అడవి వెదురు మాత్రం మిల్లుకి పోయి గుజ్జయ్యి కాగితమైంది. ఇప్పుడు ఆ జిల్లాకి కొమరం భీం పేరు పెట్టారు. జిల్లాకి పేరు ఇవ్వడం సులువు, వెదురు ఇవ్వడమే కష్టం.

కర్ణాటకలో మిల్లులకిచ్చిన వెదురు మీద శాస్త్రవేత్త మాధవ్ గాడ్గిల్ చేసిన పరిశీలన తప్పకుండా తెలుసుకోవాలి. అక్కడ పేపరు మిల్లుకి ప్రభుత్వం వెదురు కారుచౌకగా ఇచ్చింది. బుట్టలల్లే వాళ్ళు బజారులో కొనాలంటే దానికి ఎన్నో రెట్లు పెట్టాలి. వెదురు తరిగిపోతుంటే తప్పు ఊరి జనానిది, వాళ్ళ పశువులది అన్నారు. ఆయన వెళ్ళి చూస్తే సంగతి వేరు. వెదురు పొద మొదట్లో ముళ్ళ కొమ్మలు అల్లుకుని ఉంటాయి. లేత పిలకలకి అదే కంచె. మిల్లు వాళ్ళు 'శుభ్రం' చేస్తున్నామని ఆ ముళ్ళు కొట్టేశారు. దాంతో పిలకలు బయటపడి పశువులు, అడవి జంతువులు తినేశాయి. ఊరి వాళ్ళు మాత్రం ఆ ముళ్ళ జోలికి పోయేవాళ్ళు కాదు.

ఇది చదివినప్పుడు నాకు మా మేనత్త గుర్తొచ్చింది. వెదురు కోయడానికి వెళ్తే బయటి బొంగులే తీస్తుంది, మధ్యలోకి చెయ్యి పెట్టనివ్వదు. ఎందుకత్తా అంటే "పిల్లలున్న ఇంట్లోకి కత్తితో పోతావేంట్రా" అంటుంది. ఆమె బడికి వెళ్ళలేదు. మిల్లులో మాత్రం ఇంజనీర్లున్నారు.

ఏడ్చిన ఆదివాసీ, ఏడిపించిన కంపెనీ

ఇప్పుడు కాసేపు అమెరికా వెళ్దాం. విమానం లేకుండానే, కాబట్టి కాలుష్యం లేదు. "నీ బతుకు నువ్వు మార్చుకో, భూమి బాగుపడుతుంది" అనే ఉపదేశం ఊపందుకున్నది అక్కడే, అందులో ఒక ఆదివాసీ బొమ్మ కూడా ఉంది. అందుకే మనకి పనికొచ్చే కథ.

అక్కడ ఒకప్పుడు కూల్‌డ్రింకులు, బీర్లు తిరిగిచ్చే సీసాల్లో వచ్చేవి. మన గోళీసోడా సీసాలాగే, ఇచ్చేస్తే డబ్బు వెనక్కి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కంపెనీలు తాగి పారేసే డబ్బాలు, సీసాలకి మారాయి. సీసాలు వెనక్కి తెచ్చి కడిగే ఖర్చు తప్పింది, చెత్త రోడ్డు మీద పడింది. 1953లో వెర్మాంట్ రాష్ట్రం పారేసే బీరు సీసాల అమ్మకాన్ని నిషేధించింది. అదే ఏడాది డబ్బాలు, సీసాలు చేసే కంపెనీలు కలిసి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థ పెట్టాయి. వాళ్ళ ప్రచారం ఏంటంటే, సమస్య సీసాది కాదు, పారేసే మనిషిది.

1971లో ఆ సంస్థ ఒక టీవీ ప్రకటన తీసింది. ఈకలు పెట్టుకున్న ఒక ఆదివాసీ పడవ నడుపుకుంటూ వస్తాడు. నది నిండా చెత్త, ఒడ్డున ఫ్యాక్టరీ పొగ. రోడ్డు పక్కన నిలబడితే కారులోంచి ఎవరో విసిరిన చెత్త ఆయన కాళ్ళ మీద పడుతుంది. ఆయన కంట్లోంచి ఒక నీటి చుక్క జారుతుంది. దేశమంతా కదిలిపోయింది. ఆ నటుడి పేరు ఐరన్ ఐస్ కోడీ. తీరా చూస్తే ఆయన ఆదివాసీయే కాదు. ఇటలీలోని సిసిలీ నుంచి వలస వచ్చిన వాళ్ళ కొడుకు. ఈ సంగతి 1996లో పత్రికకెక్కింది. ఇంకోపక్క, సీసాలు వెనక్కి తీసుకునేలా చట్టాలు తేవాలని రాష్ట్రాలు చూస్తుంటే, ఆ సంస్థ వాటిని వ్యతిరేకించింది.

చూశారా లెక్క? చెత్త చేసినవాడు ఒకడు. మన వేషం వేసుకుని ఏడ్చినవాడు ఒకడు. సిగ్గుపడింది మాత్రం జనం. నిజం ఆదివాసీలు ఆ రోజుల్లో తమ నేల కోసం, నీళ్ళ కోసం పోరాడుతూనే ఉన్నారు. వాళ్ళ మాట వినాలంటే చట్టం మార్చాలి, బొమ్మ కన్నీళ్ళు చూడ్డానికి టీవీ ఉంటే చాలు. చివరికి 2023లో ఆ ప్రకటన హక్కుల్ని అక్కడి ఆదివాసీ తెగల జాతీయ సంఘానికి అప్పగిస్తే, వాళ్ళు దాన్ని పక్కన పెట్టేశారు.

కార్బన్ ఫుట్‌ప్రింట్ కథ కూడా దాదాపు ఇంతే. ఒక మనిషి బతుకు భూమి మీద ఎంత భారం వేస్తుందో కొలవాలన్న ఆలోచన పరిశోధకులదే. కానీ ఆ మాటని ఇంటింటికీ చేర్చిన వాళ్ళల్లో బీపీ అనే చమురు కంపెనీ ముందుంది. 2004లో మీ వాటా ఎంతో మీరే లెక్కేసుకోండని ఒక కాలిక్యులేటర్ పెట్టింది. 2010లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో అదే కంపెనీ చమురు బావి పేలి 11 మంది చనిపోయారు, నెలల తరబడి సముద్రంలోకి చమురు కారింది. ఆ కారిన నూనె ఎవరి ఫుట్‌ప్రింట్‌లో వెయ్యాలి? బల్బు ఆర్పడం మర్చిపోయిన నా రూమ్మేట్ ఖాతాలోనా?

మనమూ సాధువులం కాదు

ఇక్కడ ఒక మాట మనకి మనం చెప్పుకోవాలి. ఆదివాసీ దినోత్సవం రోజు స్టేజీ ఎక్కి "మనం పుట్టుకతోనే ప్రకృతి పుత్రులం" అంటుంటే చప్పట్లు కొడతాం. కింద ఆ చప్పట్లు కొట్టే చేతుల్లో ప్లాస్టిక్ గ్లాసులుంటాయి, వెనక ఫ్లెక్సీ ఉంటుంది. సాయంత్రానికి గ్రౌండు చూస్తే ప్రకృతికి పుత్రులెందుకు అనిపిస్తుంది.

మన తాతలు చెత్త చేయలేదంటే వాళ్ళ రక్తంలో ఏదో ఉందని కాదు. అప్పట్లో సంతలో ఉప్పు ఆకు పొట్లంలో వచ్చేది. పారేస్తే మట్టిలో కలిసేది. ఇప్పుడు షాంపూ, నూనె, మసాలా, గుట్కా అన్నీ చిన్న ప్యాకెట్లే. 1970లు, 80లలో తమిళనాడులో ఊపందుకున్న షాంపూ ప్యాకెట్ వ్యాపారం పేదవాడి చేతికి వస్తువు అందించింది, అది నిజం. పెద్ద సీసా కొనలేని అమ్మకి రూపాయి ప్యాకెట్ సాయమే. కానీ ఆ కవరు ఎక్కడికి పోవాలో ఎవరూ ఆలోచించలేదు. కొండ మీద ఊరికి చెత్త బండి రాదు. పారేసే అలవాటు పాతదే, పారేసే వస్తువు కొత్తది. మన కొండ వాగుల్లో ఇప్పుడు చేపల కంటే కవర్లే ముందు కనిపిస్తున్నాయి.

2022 జులై 1 నుంచి దేశంలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు కొన్ని నిషేధించారు. స్ట్రాలు, చెంచాలు, ప్లేట్లు, గ్లాసులు, చెవి పుల్లలు. మంచిదే. కానీ ఆ లిస్టులో షాంపూ ప్యాకెట్, చిప్స్ ప్యాకెట్ లేవు. బడ్డీకొట్టు వాడికి ఫైన్, ప్యాకెట్ చేసేవాడికి 'వెనక్కి సేకరించే బాధ్యత' అనే కాగితం. ఆ సేకరించే మనిషి మా సంతకి ఇంకా దారి కనుక్కోలేదు.

అదే ఏడాది అక్టోబరు 20న గుజరాత్‌లోని ఏక్తానగర్‌లో 'మిషన్ లైఫ్' మొదలుపెట్టారు. పర్యావరణం కోసం జీవనశైలి మార్చుకుందామని పిలుపు. ఏక్తానగర్ అంటే పాత కెవాడియా. 1961లో నర్మద ప్రాజెక్టు కాలనీ కోసం అక్కడి తాడ్వీ ఆదివాసీల భూములు తీసుకున్నారు. తక్కువతో బతకడం ఎలాగో నేర్పడానికి భలే చోటు దొరికింది. అక్కడి వాళ్ళకి ఆ పాఠం ముందే అయిపోయింది.

అలవాటు కాదు, హక్కు

నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎకో ఫ్రెండ్లీ బతుకు అన్నది మనిషి మంచితనం మీద నడవదు. అడవి ఎవరి చేతిలో ఉందన్న దాని మీద నడుస్తుంది. అడ్డతీగ దగ్గరికి వెళ్ళే దారి ఉంటే ఇంట్లో విస్తరాకు ఉంటుంది. ఆ దారికి గేటు పెడితే థర్మోకోల్ ప్లేటు వస్తుంది. వెదురు కోసుకునే హక్కు ఉంటే బుట్ట, లేకపోతే ప్లాస్టిక్ టబ్బు. మనం వదిలేశాం అంటారు గానీ, చాలాచోట్ల మన చేతుల్లోంచి తీసేసుకున్నారు.

2006లో వచ్చిన అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే అడవి జనానికి చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది. చిన్న అటవీ ఉత్పత్తుల మీద మనకి యాజమాన్య హక్కు ఇచ్చింది, వాటిల్లో వెదురు పేరు స్పష్టంగా రాసింది. అయినా కొన్నేళ్ళు వెదురు చెట్టే అని వాదిస్తూ ఆపారు. మన ప్రాణహితకి అవతల, మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా-లేఖ అనే గోండు ఊరుంది. 2009లో ఆ ఊరికి సామూహిక అటవీ హక్కు వచ్చింది. వెదురు అమ్ముకోవడానికి రవాణా పర్మిట్ ఇవ్వమంటే అటవీ శాఖ ఇవ్వలేదు. ఊరు వదల్లేదు. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేష్ ఆ ఊరికి వచ్చి పర్మిట్ పుస్తకం గ్రామసభ చేతిలో పెట్టారు. ఆ తర్వాత గ్రామసభే తన వెదురు తను అమ్ముకుంది. 2012 రూల్స్‌లో ఈ పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ వేసిన కమిటీదే అని రాశారు.

ఇది శాశ్వతం అని ధీమాగా ఉండడానికి లేదు. 2019 ఫిబ్రవరి 13న హక్కు దరఖాస్తులు తిరస్కరించిన వాళ్ళని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు ఆదేశం వచ్చింది. అలాంటి దరఖాస్తులు దేశంలో పది లక్షలకి పైనే. గొడవయ్యాక అదే నెల 28న ఆ ఆదేశాన్ని నిలిపేశారు. ఆ కేసు వేసింది అడవులు కాపాడాలన్న వాళ్ళే. వెదురు బ్రష్‌తో పళ్ళు తోముకునే వాళ్ళు కూడా వాళ్ళల్లో ఉండే ఉంటారు.

కాబట్టి సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మూడు పనులు చేద్దాం. ఒకటి, మీ ఊరికి అటవీ హక్కుల కమిటీ ఉందా, ఉంటే అందులో ఎవరున్నారో కనుక్కోండి. రెండు, పోడు పట్టాలతో ఆగిపోకుండా సామూహిక హక్కులకి ఫారం-బి, సామూహిక అటవీ వనరులకి ఫారం-సి పెట్టారా అడగండి. చాలా ఊళ్ళల్లో ఫారం-ఎ తప్ప మిగతావి ఉన్నాయనే తెలీదు. చదువుకున్నది మనమే కాబట్టి నింపే పని మనదే. మూడు, పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని ఏ కొండ మీద ఏ ఆకు, ఏ వెదురు, ఏ దారిలో తెచ్చేవాళ్ళో రాసుకోండి. పెద్దల వాంగ్మూలం కూడా ఆ చట్టం ప్రకారం సాక్ష్యమే. మనకి అది హిస్టరీ ప్రాజెక్టు కూడా అవుతుంది.

సంతలో కవర్లు ఏరే పని కూడా చేద్దాం, వాగు మనదే కాబట్టి. కానీ ఏరుతూ ఏరుతూ సిగ్గుతో తల వంచుకోవద్దు. ఆ కవరు మీద కంపెనీ పేరు ఉంటుంది, అది చదువుదాం.

ఇక వెదురు బ్రష్ అంటారా, కొనేవాళ్ళు కొనుక్కోండి. కాకపోతే చాలావాటికి పళ్ళు మాత్రం నైలాన్‌వే, ఒకసారి చూసి కొనండి. మీ ఊరి ఫారం-సి సంగతి తెలిసిన వాళ్ళు కింద రాయండి. ఏ మండలం, ఏ దశలో ఆగిందో రాస్తే అందరం కలిసి ఒక లిస్టు చేద్దాం. ఆ లిస్టు ముందున్న లిస్టు కంటే భూమికి ఎక్కువ పనికొస్తుంది.

జోహార్.